రంగు వేయకముందు చూపించగలరా?

ఉద్యోగాల వేటలో ఉన్నారు కదా. ఒక్క నిమిషం మీ రెజ్యూమె తెరిచి, ‘ప్రాజెక్ట్స్’ అని ఉన్నచోట ఆగండి. అక్కడ రాసిన రెండు మూడు లైన్ల వెనక ఏం జరిగిందో చెప్పగలరా? అందులో మీరు చేసిన భాగం ఏది, ఎక్కడ చెడింది, ఎలా బాగుచేశారు, ఆ పద్ధతే ఎందుకు ఎంచుకున్నారు? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు వస్తే మీకు ఈ వ్యాసంతో అంతగా పనిలేదు. రాకపోతే మాత్రం కాస్త ఓపిక పట్టండి. మీకో సైకిల్ గురించి చెబుతాను.

సైకిల్‌కీ ఉద్యోగానికీ ఏం సంబంధం అంటారా? ఈమధ్యే నేను చేత్తో తయారైన ఒక స్టీలు రోడ్ బైక్ డెలివరీ తీసుకున్నాను. బైక్ అంటే పెట్రోలు బండి అనుకునేరు, సైకిలే. గేర్లు, కిందికి వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లు ఉండే రోడ్ సైకిల్. నా ఒంటి కొలతలకు తగ్గట్టు మన దేశంలోనే ఒక చిన్న వర్క్‌షాప్‌లో ఒకే ఒక్క మనిషి దాని ఫ్రేమ్ తయారుచేశారు. బుక్ చేసిన ఎనిమిది నెలలకు చేతికొచ్చింది. టెక్ బ్లాగ్ రాసుకునే నాకు డెలివరీలు కొత్త కాదు. బాక్సు తెరవడం, ప్లాస్టిక్ పొర ఒలవడం, ఫొటో తీసి పెట్టడం... పది నిమిషాల పని. దీని విషయంలో అలా కుదరలేదు. ఇలాంటి సైకిల్‌ని డెలివరీ తీసుకోవడమంటే దానికి పరీక్ష పెట్టడమే. చేసినవారు ఆ పరీక్షకు నిలబడాలి. అందులో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: ‘రంగు వేయకముందు ఫ్రేమ్ ఎలా ఉందో చూపించగలరా?’

మంచి బిల్డర్ ఈ మాటకు నొచ్చుకోరు. చాలామంది అడక్కముందే ఫొటోలు పంపుతారు. ఉద్యోగానికి వెళ్లే ప్రతి ఒక్కరూ ఇదే ప్రశ్నకు సిద్ధంగా ఉండాలన్నది నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

స్టీలే ఎందుకు? చేత్తోనే ఎందుకు?

ఈ రోజుల్లో ఖరీదైన రోడ్ సైకిళ్లు ఎక్కువగా కార్బన్ ఫైబర్‌తో వస్తున్నాయి. కార్బన్ ఫ్రేమ్ ఒక కిలో లోపే ఉంటుంది. స్టీలు ఫ్రేమ్ దాదాపు రెండు కిలోలు తూగుతుంది. మరి ఎవరికి కావాలి ఈ బరువు?

సంగతి తయారీలో ఉంది. కార్బన్ ఫ్రేమ్‌కి ప్రతి సైజుకూ ఒక అచ్చు కావాలి. అచ్చులు ఖరీదైనవి. కాబట్టి కంపెనీలు ఐదారు సైజులకే పరిమితమవుతాయి. మీ ఒళ్లు ఆ సైజుల్లో ఒకదానికి సరిపోవాలి. స్టీలుకి అచ్చు అక్కర్లేదు. గొట్టాలు, వాటిని పట్టి ఉంచే జిగ్, గ్యాస్ టార్చ్ లేదా వెల్డింగ్ సెట్, ఆకురాయి, నేర్చిన చేయి ఉంటే చాలు. ఒక చిన్న గదిలో ఒక మనిషి ఏ కొలతకైనా ఫ్రేమ్ కట్టగలరు. రెడీమేడ్ షర్టుకీ దర్జీ కుట్టిన షర్టుకీ ఉన్న తేడా ఇదే.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో రేనాల్డ్స్ కుటుంబం 1897లో ఒక పేటెంట్ తీసుకుంది. గొట్టం రెండు చివర్లా మందంగా, మధ్యలో పలచగా ఉండేలా చేసే పద్ధతి అది. దాన్ని ‘బటింగ్’ అంటారు. బరువూ వేడీ తట్టుకోవాల్సింది చివర్లే కాబట్టి లోహం అక్కడ ఉంచి, అవసరం లేనిచోట తీసేశారు. అదే సంస్థ 1935లో తెచ్చిన 531 రకం గొట్టాలు దశాబ్దాల పాటు రేసు సైకిళ్లను ఏలాయి. జపాన్‌లో 1948లో మొదలైన కీరిన్ పందేలు ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటి మీద జనం డబ్బు కాస్తారు. అందుకే ఒకరికి కొత్త సాంకేతికత వల్ల లాభం రాకూడదని పురుషుల పోటీల్లో గుర్తింపు పొందిన బిల్డర్లు చేత్తో కట్టిన స్టీలు ఫ్రేములే వాడాలన్న నిబంధన పెట్టారు.

దూరాలు తొక్కేవాళ్లకు స్టీలంటే ఇష్టం. ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ జరుగుతుంది. 1,200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. అక్కడికి వెళ్లాలంటే ముందు 200, 300, 400, 600 కిలోమీటర్ల రైడ్లు గడువులోగా పూర్తిచేయాలి. హైదరాబాద్‌లోనూ ఈ రైడ్లు జరుగుతుంటాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు గడువు. అన్ని గంటలు సీటు మీద కూర్చునేవారికి వంద గ్రాముల బరువు కంటే ఒంటికి కుదిరిన కొలత ముఖ్యం.

రంగు గురించి చివర్లో అడుగుతారు

బిల్డర్‌తో మొదటి మాటల్లో రంగు ప్రస్తావన ఉండదు. కాలి లోపలి కొలత ఎంత, మొండెం ఎంత, చేతులెంత, భుజాల వెడల్పెంత? వెన్నుకో మోకాలికో పాత దెబ్బలున్నాయా? వారానికి ఎంత తొక్కుతారు, ఏ రోడ్ల మీద? టైరు ఎంత వెడల్పు కావాలి, వెనక క్యారియర్ పెడతారా? ఇన్ని అడిగాకే డ్రాయింగ్ మొదలవుతుంది.

ఎందుకింత చాదస్తం? సీటును మోసే గొట్టం సాధారణంగా నేలకు 73 డిగ్రీల కోణంలో ఉంటుంది. అందులో ఒక్క డిగ్రీ తేడా వస్తే ఏమవుతుందో లెక్కేయండి. పెడల్స్ తిరిగే ఇరుసు నుంచి సీటు 72 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, సీటు దాదాపు 12 మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరుగుతుంది. ఇంటర్‌లో చదివిన త్రికోణమితే. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. ఇక్కడ 150వ కిలోమీటరు దగ్గర మోకాలి నొప్పి.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఫైనలియర్ ప్రాజెక్టుకు మనలో చాలామంది ముందుగా వెతికేది టైటిల్. ‘మెషిన్ లెర్నింగ్ ఉంటే బాగుంటుంది’, ‘బ్లాక్‌చైన్ అని పెడదాం’, ‘ఐఓటీ అయితే హెచ్‌ఓడీ ఒప్పుకుంటారు’. ఇది రంగుతో మొదలుపెట్టడమే. ఎవరికి పనికొస్తుంది, వాళ్ల అసలు ఇబ్బందేంటి, దాన్ని ఎలా కొలుస్తాం అన్న ప్రశ్నలు ఆ తర్వాత కూడా రావు.

తిరగేసి మొదలుపెట్టండి. మీ వీధిలో కిరాణా కొట్టు ఆయన అరువు లెక్కలు ఎలా రాసుకుంటున్నారో వారం రోజులు గమనించండి. మీ హాస్టల్ మెస్‌లో రోజూ ఎంత అన్నం పారేస్తున్నారో తూచండి. మీ ఊరి ఆర్టీసీ బస్సు చెప్పిన టైముకీ వచ్చిన టైముకీ తేడా నెలరోజులు నోటు పుస్తకంలో రాయండి. కొలిచాక చేసే ప్రాజెక్టు చిన్నదైనా సరే, దాని గురించి మీకు తెలిసినంత ఇంటర్వ్యూ గదిలో ఇంకెవరికీ తెలియదు. ఆ ధీమా ఏ టైటిల్ వల్లా రాదు.

రంగు కింద ఏముంటుంది?

గుండ్రటి గొట్టానికి ఇంకో గుండ్రటి గొట్టాన్ని అతకాలంటే మొదటిదాని చివర చేప నోరులా వంపుగా కోయాలి. దాన్ని మైటర్ అంటారు. మిషన్ మీద కోసినా, చివరికి ఆకురాయితో సరిచేస్తూ, పెట్టి చూస్తూ, వెలుతురు దూరే సందు లేకుండా కూర్చోబెట్టాలి. ఇక్కడ సందు మిగిలితే ఆ తర్వాత ఎంత బాగా అతికినా కరిగిన లోహంతో దాన్ని పూడ్చినట్టే. పైకి కనపడదు. రంగు వేశాక అసలే కనపడదు.

ఆ తర్వాత అతుకు. బ్రేజింగ్‌లో స్టీలు గొట్టాలను కరిగించరు. ఇత్తడి లాంటి పూరక లోహాన్ని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర, లేదా వెండి కలిసినదాన్ని 700 డిగ్రీల లోపు కరిగించి కీలులోకి పారిస్తారు. స్టీలు కరగాలంటే 1,400 డిగ్రీలు దాటాలి కాబట్టి గొట్టం చెక్కుచెదరదు. వేడి తక్కువైతే పూరకం లోపలిదాకా పారదు, పైపైన ముద్దలా నిలబడిపోతుంది. ఎక్కువైతే గొట్టం లోహమే దెబ్బతిని అతుకు పక్కన బలహీనపడుతుంది. గొట్టం మందం చివర్లో 0.8 మి.మీ., మధ్యలో 0.5 మి.మీ. మాత్రమే ఉండొచ్చు. అంటే మామూలు కాగితాలు ఐదు పేర్చినంత. పొరపాటుకు చోటెక్కడుంది?

ఇంకో చిక్కుంది. వేడెక్కిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ఒకవైపే అతుకుతూ పోతే ఫ్రేమ్ ఆ వైపు లాగేస్తుంది. అందుకే మొదట చుక్కలు పెట్టినట్టు అక్కడక్కడా అతికి, కొలిచి, ఒకసారి ఇటు, ఒకసారి అటు మార్చుకుంటూ పూర్తిచేస్తారు. చదునైన బల్ల మీద పెట్టి వంకర ఉందేమో చూస్తారు. ఉంటే సరిచేస్తారు. ఈ పనంతా అయ్యాకే రంగు.

‘పైన పటారం లోన లొటారం’ అని మనవాళ్లు ఊరికే అనలేదు. మెరిసే రంగు కింద మంచి అతుకూ ఉండొచ్చు, చెడ్డ అతుకూ ఉండొచ్చు. షోరూంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది గుంతల రోడ్డు మీద.

ఇక ఘాటుగా ఉన్నా చెప్పాల్సిన మాట. ఫైనలియర్ ప్రాజెక్టులు డబ్బులిచ్చి కొనుక్కోవడం మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎవరికీ తెలియని రహస్యం కాదు. టైటిల్, కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ ప్యాకేజీగా అమ్మేవాళ్లున్నారు. నలుగురు డబ్బులు వేసుకుంటారు, ఒకరు వెళ్లి పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుంటారు. బంగారు అక్షరాలతో బైండింగ్ చేయిస్తారు. వైవా అయిపోతుంది. ఇప్పుడు ఏఐ టూల్స్ వచ్చాక ఆ ఖర్చు కూడా తగ్గింది. అదంతా రంగు. అతుకు లేదు.

అది కొన్న విద్యార్థులను మాత్రమే తప్పుపట్టను. రిపోర్టు మందం చూసి మార్కులేసే కాలేజీలకూ ఇందులో వాటా ఉంది. మధ్యలో ఆగి ‘ఈ ఫంక్షన్ తీసేస్తే ఏమవుతుంది?’ అని ఒక్క ప్రశ్న అడిగే ఎగ్జామినర్ ఉంటే ఈ వ్యాపారం ఇంతగా సాగేది కాదు. కాకపోతే నష్టం ఎవరిదో ఆలోచించండి. కాలేజీకి అడ్మిషన్లు వస్తాయి. అమ్మినవాళ్లకు డబ్బులొచ్చాయి. ఇంటర్వ్యూ గదిలో కుర్చీలో కూర్చునేది మీరొక్కరే.

ఒక ప్రశ్న వేస్తాను, ప్రయత్నించండి

రేనాల్డ్స్ 853 లాంటి ఖరీదైన స్టీలుతో ఒక ఫ్రేమ్, మామూలు స్టీలుతో ఇంకోటి ఉన్నాయి. గొట్టాల వ్యాసం, మందం రెండింటిలోనూ ఒకటే. ఏది ఎక్కువ గట్టిగా, వంగకుండా ఉంటుంది?

‘853’ అని టక్కున చెప్పేవాళ్లే ఎక్కువ. జవాబు: రెండూ దాదాపు ఒకటే. వంగడాన్ని నిర్ణయించేది యంగ్స్ మాడ్యులస్. స్టీలు రకం ఏదైనా అది సుమారు 200 గిగా పాస్కల్సే. ఖరీదైన స్టీలులో పెరిగేది బలం. అంటే శాశ్వతంగా వంగిపోకుండా, విరగకుండా ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది. ఆ బలం వల్ల గొట్టాన్ని పలచగా చేసుకోవచ్చు, బరువు తగ్గుతుంది. గట్టిదనం కావాలంటే వ్యాసం పెంచాలి. అదే మందంతో 28.6 మి.మీ. గొట్టం బదులు 31.8 మి.మీ. గొట్టం వేస్తే గట్టిదనం 35 శాతానికి పైగా పెరుగుతుంది. బరువు పెరిగేది పదకొండు పన్నెండు శాతమే.

మెకానికల్ వాళ్లు ఇదంతా సెకండియర్‌లో చదివారు. స్ట్రెంత్ వేరు, స్టిఫ్‌నెస్ వేరు అని పరీక్షలో రాశారు కూడా. సైకిల్ ముందు నిలబడితే గుర్తురాదు. చదివింది చేతిలోకి రాకపోవడమే మన ఇబ్బంది.

ఇంకోటి, ఇది ఏ బ్రాంచి వాళ్లయినా ఇంట్లోనే చూడొచ్చు. మీ పాత సైకిల్ ఎడమ పెడల్ విప్పడానికి ప్రయత్నించండి. మామూలు బోల్టులా ఎడమవైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. ఎందుకంటే ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. తొక్కుతున్నప్పుడు పెడల్ ఇరుసు మీద భారం చుట్టూ తిరుగుతూ పడుతుంది. దానివల్ల మర మెల్లగా ఒక దిశలో జరుగుతుంటుంది. అలా జరిగినా బిగుసుకోవాలే తప్ప వదులు కాకూడదని ఎడమవైపు మరను తిరగేశారు. మీ వీధి చివర సైకిల్ షాపులో పనిచేసే కుర్రాడికి పాఠంలో లేకపోయినా ఇది చేతికి తెలుసు. మనకు పాఠం తెలిసినా చేతికి తెలియదు. రెండూ తెలిసినవాళ్లకు ఉద్యోగం ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు.

డెలివరీ ఎలా తీసుకోవాలి?

సైకిల్ వచ్చింది. ఏమేం చూడాలి? మొదట డ్రాయింగ్ ముందు పెట్టుకుని టేపుతో కొలతలు సరిచూడాలి. తర్వాత వంకర పరీక్ష. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు, పురికొస చాలు. వెనక చక్రం బిగించే చోట ఒకవైపు దారం కట్టి, ముందున్న హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండోవైపుకు తెచ్చి బిగుతుగా కట్టాలి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా కొలవాలి. సమానంగా ఉంటే ఫ్రేమ్ వెనక భాగం నిటారుగా ఉన్నట్టు. వెనక చక్రం ఫ్రేమ్‌కి సరిగ్గా మధ్యలో కూర్చుంటోందా? సీటు పోస్ట్ ఎక్కడా రుద్దుకోకుండా దిగుతోందా? హ్యాండిల్ ఎక్కడా పట్టకుండా తిరుగుతోందా? బోల్టులు చేత్తో అంచనా వేసి కాకుండా, రాసిన టార్క్‌కే బిగించాలి. ఖాళీ రోడ్డు మీద తొక్కి చూస్తే ఒకవైపు లాగుతోందో లేదో తెలుస్తుంది. వంద, రెండొందల కిలోమీటర్ల తర్వాత కేబుళ్లు కాస్త సాగుతాయి కాబట్టి గేర్లు, బ్రేకులు, బోల్టులు మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

నేను ఈ పరీక్షలన్నీ చేస్తుంటే బిల్డర్ ఫోన్‌లోనే ఉన్నారు. ‘దారం పరీక్ష చేశారా? ఎంత వచ్చింది?’ అని ఆయనే అడిగారు. రంగు వేయకముందు తీసిన ఫొటోలు ముందే పంపారు. వాటిలో ప్రతి అతుకూ స్పష్టంగా ఉంది. ఒకచోట పూరకం కాస్త ఎక్కువ పారి ఆకురాయితో దిద్దిన గుర్తు కూడా కనిపించింది. దాన్ని దాచలేదు. ‘ఇక్కడ ఇలా అయింది, ఇలా సరిచేశాను, బలానికి ఇబ్బంది లేదు, ఎందుకంటే...’ అని వివరించారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ వాక్యం దగ్గరే.

మీ ఇంటర్వ్యూ కూడా ఒక డెలివరీయే. అటువైపు కూర్చున్నవాళ్లు దారం పట్టుకుని కొలుస్తారు. ‘ఈ ప్రాజెక్టులో మీకు ఎక్కడ కష్టమైంది?’ అని అడిగేది అందుకే. ‘ఏం కష్టం రాలేదు సార్, అంతా బాగా వచ్చింది’ అన్న జవాబు వింటే వాళ్లకు అర్థమైపోతుంది, చేసింది మీరు కాదని. నిజంగా పనిచేసిన ప్రతి ఒక్కరి దగ్గరా ఆకురాయితో దిద్దిన గుర్తులుంటాయి. వాటిని చెప్పడానికి సిగ్గుపడకండి.

మీరు అనబోయేవి నాకు తెలుసు

‘ఇదంతా బాగానే ఉంది అన్నా. ముందు ఆన్‌లైన్ టెస్ట్ దాటాలి కదా! అక్కడ ఎవరూ ప్రాజెక్టు అడగరు’ అంటారు. నిజమే. ఆప్టిట్యూడ్, కోడింగ్ రౌండ్లు, కటాఫ్ పర్సంటేజీలు ఉన్నాయి. వాటికి సాధన చేయాల్సిందే. దానికి వేరే దారి లేదు. కాకపోతే ఆ జల్లెడ దాటినవాళ్లంతా మార్కుల్లో ఇంచుమించు ఒకేలా ఉంటారు. ఆ తర్వాత తేడా చూపేది మీరు చేసి, వివరించగలిగిన పనే. క్యాంపస్‌కి పెద్ద కంపెనీలు రాని కాలేజీలో చదివేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. కాలేజీ పేరు మీకు రంగు వేయలేదు కాబట్టి, అతుకులు చూపించే వీలు మీకే ఎక్కువ.

‘చేత్తో చేసినవన్నీ గొప్పవి, ఫ్యాక్టరీవి తక్కువ అంటారా?’ అనను. ఫ్యాక్టరీలో తయారైన ఫ్రేములు చక్కగా, చవగ్గా ఉంటాయి. సరిపడే సైజు షాపులో దొరికితే అదే కొనుక్కోండి, నెలల తరబడి ఎదురుచూడటం దండగ. చేత్తో చేసినది కూడా నాసిగా ఉండొచ్చు. నేను చెప్పేది ఒక్కటే, అతుకుకు జవాబుదారీ ఎవరు? నా ఫ్రేమ్ విషయంలో ఒక మనిషి ఉన్నారు. ఫ్యాక్టరీలో దానికో వ్యవస్థ ఉంటుంది. ప్రాజెక్టు విషయంలో మీరు ఉండాలి. వేలమంది పనిచేసే సర్వీస్ కంపెనీలో చేరినా ఇది వర్తిస్తుంది. మీరు రాసిన ఇరవై లైన్లకైనా మీరే జవాబుదారీ.

‘ఇలాంటి సైకిళ్లు డబ్బున్నవాళ్ల ముచ్చట’ అనేవాళ్లూ ఉంటారు. ఒప్పుకుంటాను. ఉద్యోగం లేని వయసులో కొనాల్సిన వస్తువు కాదిది. మిమ్మల్ని కొనమని చెప్పడం లేదు. చేసినవారు పాటించిన క్రమాన్ని చూడమంటున్నాను. అడగడం, కొలవడం, గీయడం, కోయడం, అతకడం, సరిచూడటం, ఆ తర్వాతే రంగు. ఈ క్రమానికి డబ్బు అక్కర్లేదు.

‘ఏఐ ఉండగా ఇంత కష్టం దేనికి?’ అన్నది తాజా ప్రశ్న. ఏఐతో కోడ్ రాయించుకోవడం తప్పు కాదు. మా పనిలో మేమూ వాడతాం. బిల్డర్ కూడా గొట్టాలను తనే తయారుచేసుకోరు, కొనుక్కుంటారు. కానీ ఏ గొట్టం ఎందుకు కొన్నారో, ఎంత మందమో, ఎంత వేడి తట్టుకుంటుందో ఆయనకు తెలుసు. ఏఐ ఇచ్చిన కోడ్‌లో ప్రతి లైనూ ఎందుకుందో మీరు చెప్పగలిగితే అది మీ పనే. చెప్పలేకపోతే అది పెన్ డ్రైవ్‌లో తెచ్చుకున్న ప్రాజెక్టే, కాకపోతే ఉచితంగా వచ్చింది.

ఈ వారం నుంచే

ప్రాజెక్టు మధ్యలో ఉన్నవాళ్లు ఒక నోటు పుస్తకం పెట్టండి. రోజూ నాలుగు లైన్లు: ఈరోజు ఏం చేశాను, ఏది పనిచేయలేదు, ఎందుకు, రేపు ఏం మారుస్తాను. నచ్చితే ఫొటోలు, స్క్రీన్‌షాట్లు కూడా. సాఫ్ట్‌వేర్ వాళ్లు చివర్లో ఒకేసారి కాకుండా, చేసిన కొద్దీ కోడ్‌ని గిట్‌హబ్‌లో పెట్టండి. మీ తప్పులూ దిద్దుబాట్లూ తేదీలతో సహా అక్కడే ఉంటాయి. రంగు వేయకముందు తీసిన ఫొటోలంటే అవే.

నలుగురి టీమ్‌లో ఉంటే, ఏ భాగం ఎవరిదో మొదటి రోజే రాసుకోండి. రెజ్యూమెలో ‘మేము చేశాం’ బదులు ‘ఈ భాగం నేను చేశాను’ అని రాయగలగాలి. నెలకోసారి ఒకరి భాగాన్ని ఇంకొకరు పురికొస పట్టి కొలవండి. మొహమాటం వద్దు. స్నేహితుడి ముందు తడబడితే నష్టం లేదు.

ప్రాజెక్టు కొనేసినవాళ్లకూ దారి మూసుకుపోలేదు. దాన్ని విప్పండి. ఒక ఫీచర్ తీసేసి మీరే మళ్లీ రాయండి. ఒకచోట కావాలని చెడగొట్టి, ఏం జరుగుతుందో చూసి బాగుచేయండి. నెలరోజులు అలా కూర్చుంటే అందులో కొంత భాగమైనా మీ సొంతమవుతుంది. రెజ్యూమెలో ఆ కొంతే రాయండి. చిన్నదే అయినా అది నిలబడుతుంది.

లెక్చరర్లకూ ఒక విన్నపం. ఈసారి వైవాలో రిపోర్టు పక్కన పెట్టి, నోటు పుస్తకం అడగండి. ‘ఎక్కడ ఆగిపోయారు?’ అని అడగండి. రెండేళ్లు వరుసగా అలా అడిగితే బైండింగ్ షాపుల దగ్గర క్యూ అదే తగ్గుతుంది.

సైకిల్ ఫ్రేమ్‌కి రంగు తర్వాతైనా మళ్లీ వేయించుకోవచ్చు. గీతలు పడితే దిద్దించుకోవచ్చు. అతుకు సరిగ్గా ఉన్న స్టీలు ఫ్రేమ్‌ను తుప్పు పట్టకుండా చూసుకుంటే దశాబ్దాలు నడుస్తుంది. ఇంగ్లిష్ మాట్లాడటం, పీపీటీ చేయడం, టై కట్టుకోవడం అన్నీ రంగు లాంటివే. అవీ కావాలి, నేర్చుకోండి. కానీ అవి ఎప్పుడైనా వేసుకోవచ్చు. అతుకుల పని మాత్రం కాలేజీలో ఉన్న ఈ కొద్ది నెలల్లోనే, చేతిలో టైమున్నప్పుడే మొదలుపెట్టండి. రేపు ఎవరైనా ‘రంగు వేయకముందు చూపించగలరా?’ అని అడిగితే, ‘తప్పకుండా సార్, ఇదిగోండి’ అని నోటు పుస్తకం తీసి బల్ల మీద పెట్టండి.